కుండీ ఆకలి

డాక్టరు కౌండిన్య నీళ్ల మాట చెప్పలేదు. తిప్పేస్వామికి ఆ మనిషి మీదున్న కోపమంతా ఆ ఒక్క మాటలో ఇమిడిపోతుంది. ఎరువు పొట్లాలు ఇచ్చాడు. కలపడానికి కొలతగిన్నె ఇచ్చాడు. కుండీ ఏ కిటికీ దగ్గర ఉండాలో తానే వచ్చి చూసి జరిపించాడు. దారం ఊడితే మళ్లీ ఎలా అంటించాలో చెయ్యి పట్టుకుని నేర్పించాడు. పోయేముందు చెప్పులేసుకుంటూ, ఇంకేమైనా మరిచిపోయానా అని తనను తానే అడిగి చూసుకుని, లేదన్నట్టు తలాడించుకుని కారెక్కాడు. నీళ్ల మాట మాత్రం చెప్పలేదు. అంత చదువు చదివిన నోటికి ఆ ఒక్క మాట బరువైందా అని తిప్పేస్వామి ఈనాటికీ మడకశిర రోడ్డు మీద టీ కొట్టు దగ్గర కనబడినవాణ్ణల్లా అడుగుతాడు. వినేవాళ్లకు తలాతోకా అర్థం కాదు. టీ తాగి లేచిపోతారు.

అర్థం కావాలంటే అద్దాల షెడ్డు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

జమ్మలబండ గుట్ట కింద ఆ షెడ్డు లేచినప్పుడు ఊరంతా ముక్కున వేలేసుకుంది. పెరట్లో ఒక్క గంజాయి మొక్క కనబడితే మనిషిని జీపెక్కించుకుపోయే పోలీసులు, షెడ్డు నిండా అదే మొక్కను పెట్టుకున్న మందుల కంపెనీవాళ్లకు గేటు దగ్గర నిలబడి కాపలా కాస్తున్నారు. ఇది మందు కోసం పెంచే రకమని, మత్తు ఉండదని, దీని పూల నూనె మూర్ఛ వచ్చే పిల్లల నాలుక మీద వేస్తారని చెప్పారు. ఒక్కో మొక్కకు ఒక్కో కుండీ. అందులో ఉన్నది మట్టి కూడా కాదు, కొబ్బరిపొట్టు, గుల్లరాళ్లు కలిపిన ఏదో పొడి. తిప్పేస్వామి భార్య సాకమ్మ అక్కడ పండుటాకులు ఏరే కూలికి కుదిరింది. ఆ ఏడాది వాన లేదు, చెనక్కాయ చేను మొలకలోనే మాడింది, ఇంట్లో ఇద్దరే ఉన్నా ఇద్దరూ తినాలి కదా అని తిప్పేస్వామి కూడా సరేనన్నాడు. వాళ్లకు పిల్లలు లేరు.

షెడ్డులో మొదట్నుంచీ ఒకటే తంటా. మొక్క ఆకు పసుపెక్కుతుంది, దానికి ఏం తక్కువైందో తెలియదు. పెట్టింది తక్కువా, ఎక్కువా, లేక వేరు చుట్టూ పులుపు పెరిగిందా, చౌడు పెరిగిందా. పొడిలో గుచ్చిన మీటరు కడ్డీలకు ఉప్పు పేరుకుని అవి అబద్ధాలు చెప్పేవి. షెడ్డును చూసుకునే మొక్కల డాక్టరు కౌండిన్య మీటర్లన్నీ పీకించేసి దారం తెచ్చాడు. వెంట్రుకంత సన్నం. ఒక కొస వేర్ల మధ్యకు పోతుంది, ఇంకో కొసన ఉన్న బిళ్లను మనిషి చెవి వెనక అంటిస్తారు. అక్కణ్ణుంచి కడుపు దాకా పోయే నరం ఒకటుందట. వేర్లలో పుట్టే కరెంటు ఆ నరాన్ని తాకితే, మొక్క బాధ మనిషి కడుపుకు తెలిసిపోతుందని ఆయన లెక్క.

ముందు తనకే అంటించుకున్నాడు. ఏమీ తెలియలేదు. కూలోళ్లకు అంటించాడు. కొందరికి వాంతి వచ్చింది, కొందరు నవ్వి ఊరుకున్నారు. సాకమ్మ వంతు వచ్చేసరికి, బిళ్ల తగలడమే ఆలస్యం, ఆమె మొహం ముడుచుకుపోయింది.

"పులుపు సారూ. పచ్చి చింతకాయ కొరికినట్లుండాది."

ఆ కుండీ అడుగున కారిన నీళ్లు పట్టి చూస్తే నిజంగానే పులుపు హద్దు దాటింది. డాక్టరు వేరే నీళ్లు కలిపి పోశాడు. కాసేపటికి సాకమ్మ నోరు చప్పరించి, ఇప్పుడు బాగుందన్నట్టు చెయ్యూపింది. కౌండిన్య బోర్లించిన బక్కెట్టు మీద కూలబడి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఆనాటి నుంచి సాకమ్మకు ఆకులేరే పని తప్పింది. పొద్దున పోతూనే కుండీ తర్వాత కుండీకి దారం పెట్టించుకుని చెప్పుకుంటూ పోయేది. దీనికి పళ్లు జివ్వుమంటున్నాయి, సున్నం తక్కువ. దీనికి నాలుక మొద్దుబారింది, ఉప్పెక్కువ. దీనికి కడుపులో ఎలుకలు పరిగెత్తుతున్నాయి, ఉత్త ఆకలి. తోటి ఆడవాళ్లు ఆమెను కుండీల మంత్రసాని అని ఎగతాళి చేసేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. ఇంటికొచ్చి ఆ ముచ్చట్లే చెప్పేది.

ఒక సాయంత్రం తిప్పేస్వామికి సంగటి పెడుతూ చెప్పింది. "కింది ఆకు పండుతాంటే దానికి ఆకలి. పెడితే సరిపోతాది. అదే పై ఆకు, లేతాకు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా నిలబడినాయనుకో, అది ఆకలి కాదు. ముందర బువ్వ ఉండాది, నోరు తెరుచుకోదు. అప్పుడు ఇంకా ఇంకా పెడితే మాడి సస్తాది."

తిప్పేస్వామి ముద్దను ఊరుబిండి పచ్చడిలో అద్దుకుంటూ తలాడించాడు. ఆయన మనసు బోరు మోటారు మీద ఉంది. ఆ వారం అది రెండుసార్లు కాలింది.

ఆమె తిండి తగ్గడం మొదట ఆయన కంటబడలేదు. ముద్దలో సగం పక్కన పెట్టేది. అడిగితే షెడ్డులో తినొచ్చినాలే అనేది. తర్వాత అసలు పళ్లెమే పెట్టుకోలేదు. షెడ్డులో ఆమె తెరవని క్యారియరు పక్కచేను వాళ్ల కుక్కకు పడుతోందని తెలిసిన రోజున ఆయన గట్టిగా అడిగాడు. ఆమె ఏడవలేదు, దాచలేదు. పొద్దున కుండీలన్నిటికీ ఎరువు నీళ్లు వదిలితే తన కడుపు నిండిపోతుందని, ఆ నిండుదనం మరుసటి పొద్దు దాకా ఉంటుందని చెప్పింది. పెళ్లి భోజనం చేసి పడుకున్నట్టు ఉంటుందని కూడా చెప్పింది. అప్పటికే ఆమె గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

తిప్పేస్వామి షెడ్డు గేటు దగ్గర పెద్ద గొడవ పెట్టుకున్నాడు. కౌండిన్య ఎదురు చెప్పలేదు. దారం తీసేస్తే రెండు మూడు రోజుల్లో ఆమె ఆకలి ఆమెకు తిరిగొస్తుందని, ఇప్పుడే తీసేస్తానని అన్నాడు. ఒప్పుకోనిది సాకమ్మే. డాక్టరుకు ఒక్కతే కూతురు, పేరు నిత్య. వారానికోసారి షెడ్డుకు వచ్చేది. ఒకసారి కుండీల మధ్య ఆడుకుంటూ ఆడుకుంటూ పడిపోయి, కాళ్లు చేతులు కొట్టుకుంటే సాకమ్మే ఒళ్లో పెట్టుకుంది. ఆ పిల్లకు పడే నూనె ఒకే ఒక మొక్క సంతతి నుంచి వస్తుంది. షెడ్డులో దాన్ని తల్లిమొక్క అనేవాళ్లు. దాని కొమ్మలే కత్తిరించి కుండీల్లో పెట్టి పెంచుతారు. ఆ పంట పూతకు వచ్చి ఉంది.

"ఆ బిడ్డ పడి కొట్టుకుంటాంటే చూసినావా నువ్వు? పూలు కోసేదాకా ఉంటా. ఆయాల నువ్వే తీసెయ్యి."

పూలు కోశారు. దారం తీసేశారు. రెండు మూడు రోజులు పోయాయి, ఆకలి రాలేదు. ఎప్పటికీ రాలేదు. కుండీల కడుపు వినీ వినీ ఆమె కడుపు తన సొంత గొంతు పోగొట్టుకుంది. హిందూపురం ఆసుపత్రిలో ముక్కులోంచి గొట్టం వేశారు. అన్ని పరీక్షలూ చేసి కడుపులో ఏ రోగమూ లేదన్నారు. గొట్టంలో పోసిందంతా కక్కేది. ఒక మధ్యాహ్నం గొట్టం తానే పీకేసుకుని, మంచం పక్కన కూర్చున్న మొగుడి మొహంలోకి చూసి అడిగింది.

"ఆకలి ఎట్లుంటాదో మర్సిపోతినప్పా. నీకెట్లుంటాది, చెప్పు."

తిప్పేస్వామి చెప్పబోయాడు. కడుపులో కాలినట్టు ఉంటుందన్నాడు. కాదు, గుంజినట్టు ఉంటుందన్నాడు. కరువు ఏడాది తాను చిన్నప్పుడు ఉడకని గింజలు నమిలిన సంగతి చెప్పాడు. ఆమె శ్రద్ధగా వింది, చిన్నపిల్ల కథ విన్నట్టు. విని, లేదప్పా, నాకేమీ తెలీలేదు అంది. పక్క మంచం వాళ్లు తింటున్న పులిహోర వాసన వస్తుంటే ఆయనకు కడుపు కాలుతోంది. ఆ కాలేది తీసి ఆమెకు ఇవ్వడానికి వీల్లేకపోయింది.

ఉపాయం తట్టింది తిప్పేస్వామికే. కుండీకి ఆకలేస్తే ఆమెకు తెలుస్తుంది కదా. అలాంటప్పుడు ఒక కుండీని ఇంటికి తెచ్చి, దారం ఆమెకు అంటించి, కుండీని పస్తు పెడితే ఆమెకు ఆకలి తెలుస్తుంది. సరిగ్గా ఆ సమయంలో ఆమె నోట్లో ముద్ద పెట్టి, కుండీలో ఎరువు నీళ్లు పోస్తే, రెండు కడుపులూ ఒకేసారి నిండుతాయి. అలా కొన్నాళ్లు చేస్తే ముద్దకూ ఆకలికీ మళ్లీ చుట్టరికం కలుస్తుంది. అప్పుడు దారం తీసెయ్యొచ్చు. ఈ మాట విన్న కౌండిన్య, ఆమె ఎక్కువగా విన్నది తల్లిమొక్కనే కాబట్టి దాన్నే ఇస్తానన్నాడు.

ఇవ్వడానికి చట్టం అడ్డం. ఆ మొక్క కంపెనీ పేరున ఉన్న నేల దాటకూడదు, దాటితే మోసినవాడూ ఇచ్చినవాడూ జైలుకు పోతారు. మొక్క నేల దాటకూడదు గనక నేలనే కంపెనీది చెయ్యాలని వాళ్ల వకీలు దారి చూపించాడు. తిప్పేస్వామికున్న ఎకరా అరవై రెండు సెంట్ల పొలం, అందులోని బోరు, పొలంలోనే ఉన్న రెండు గదుల ఇల్లు, అన్నీ కంపెనీ పేరున రాసిస్తే, ఆ చుట్టూ కంచె వేసి దాన్ని షెడ్డులో భాగమని చూపిస్తారు. సాకమ్మ కోలుకున్నాక తిరిగి రాసిచ్చేస్తారని కౌండిన్య నోటిమాటగా చెప్పాడు. ఆయన అబద్ధమాడుతున్నట్టు లేదు. తిప్పేస్వామి అయిదో తరగతిలో బడి మానేశాడు, సంతకం మాత్రం వచ్చు. మడకశిరలో రిజిస్ట్రారు ముందర పెట్టి వచ్చాడు. మరునాడు పొద్దున తల్లిమొక్క వ్యానులో వచ్చింది, పెళ్లికూతురిలా చుట్టూ తెర కట్టుకుని.

మొదటి రోజు ఎరువు నీళ్లు పొయ్యకుండా కుండీని ఎండబెట్టారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సాకమ్మ మంచం మీద కదిలింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. ఏందో గుంజుతాండాది అంది. తిప్పేస్వామి కుడిచేత్తో ఆమె నోట్లో సంగటి పెట్టి, ఎడమచేత్తో చెంబు వంచి కుండీలో నీళ్లు పోశాడు. ఆమె మింగింది. కక్కలేదు.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా ఉంది. పూటపూటా అదే పని. కుడిచేత్తో ముద్ద, ఎడమచేత్తో చెంబు. ముద్ద గొంతు దిగే వేళకు నీళ్లు వేరుకు చేరాలి, ముందూ వెనకా కాకూడదు. అరక దున్నిన చేతులు అంత నాజూకు పనికి అలవాటు పడ్డాయి. ఆమె బుగ్గలకు కాస్త నిండు వచ్చింది. ఒకరోజు ఆయన పుంటికూర పప్పు చేసి పెడితే, రెండు ముద్దలు తిని మొహం చిట్లించింది.

"ఉప్పెయ్యలేదే నువ్వు. ఇంత చప్పగా ఎట్ల తింటాండావప్పా ఇన్ని దినాలు?"

తిప్పేస్వామి ఉప్పు డబ్బా తేవడానికని లోపలికి పోయి, డబ్బా పట్టుకుని అక్కడే గోడకు ఆనుకుని కాసేపు నిలబడిపోయాడు. ఆమె అలా తిట్టి ఎన్నాళ్లయిందో.

ఎండలు ముదిరాయి. బోరులో నీళ్లు అడుగంటుతున్నాయి. అడుగునీళ్లు ఆ ఊళ్లో అందరికీ తెలిసిందే, బిందె అంచున తెల్లటి పొర కడతాయి, పప్పు ఉడకనివ్వవు. ఆ పొరే కుండీ అంచు చుట్టూ కూడా కట్టింది. తిప్పేస్వామి దాన్ని గోరుతో గీకి పారేసేవాడు. చౌడు నేలను చూస్తే ఆయన దూరం నుంచే గుర్తుపడతాడు. అటువంటి చేనును కారుచౌకగా ఇస్తామన్నా కొనడు. కానీ చౌడంటే ఆయనకు చేనుకు పట్టేది. చంకలో పెట్టుకుపోగలిగే కుండీకి కూడా పడుతుందని ఎన్నడూ అనుకోలేదు.

మొక్క కొనన ఆకులు పసుపెక్కాయి. ఈనెలు మాత్రం పచ్చగా, గీత గీసినట్టు నిలబడ్డాయి. అదే వారం సాకమ్మ ముద్దను నోట్లో పెట్టుకుని మింగలేక కూర్చుంది. ఆకలిగానే ఉందట. నోరు మాత్రం ఎవరో కుట్టేసినట్టు ఉందట.

తిప్పేస్వామి పసుపు ఆకు చూశాడు. ముప్పై ఏళ్లుగా చేలో పసుపు ఆకు కనబడితే ఆయన చేసింది ఒకటే పని, యూరియా చల్లడం. పొట్లం ఇంకొంచెం ఎక్కువ కలిపాడు. ఆకుల అంచులు మాడాయి. ఇంకా ఎక్కువ కలిపాడు. కౌండిన్యకు ఫోను చేశాడు, ఎత్తలేదు. నిత్యకు మూర్ఛ మీద మూర్ఛ వచ్చి బెంగళూరు ఆసుపత్రిలో పెట్టారని, డాక్టరు అక్కడే ఉన్నాడని షెడ్డు కాపలావాడు చెప్పాడు.

సాకమ్మ మంచం మీంచి కుండీనే చూస్తూ ఉండేది. మాట సన్నబడింది. ఒక పొద్దున ఆయన్ని దగ్గరకు పిలిచింది.

"పుల్ల మజ్జిగ పొయ్యప్పా దానికి. పొట్లం వద్దు. కరేపాకు చెట్టుకు పోస్తాము గదా, అట్ల."

ఇంటి వెనక కరివేపాకు చెట్టు ఉంది. లేతాకు తెల్లబోయినప్పుడల్లా ఆమె పులిసిన మజ్జిగ దాని మొదట్లో పోసేది. వాళ్లమ్మ పోసేది, ఆమె పోసేది, ఎందుకని ఎవరూ అడిగింది లేదు. తిప్పేస్వామికి కోపం వచ్చింది. అంతమందిని కాపలా పెట్టి పెంచిన మొక్కకు మజ్జిగా అన్నాడు. కంపెనీ పొట్లం తప్ప ఇంకేం పోసినా వేరు కుళ్లుతుందని డాక్టరు మరీ మరీ చెప్పిపోయాడన్నాడు. సేద్యం చేసింది నేనా, నువ్వా అని కూడా అన్నాడు. ఆమె తాగడానికైనా మజ్జిగ ఇమ్మంది. చెంబు నిండా ఇచ్చాడు, కనీసం అదైనా అడిగిందని సంతోషపడ్డాడు.

మూడోనాడు మోటారు కట్టేసి ఇంట్లోకి వచ్చేసరికి ఆమె కింద పడి ఉంది. మంచానికీ కుండీకీ మధ్య. ముందు చాచిన చేతికి అవతల చెంబు బోర్లా పడి ఉంది. పులిసిన మజ్జిగ బండల మీద పారి, కుండీ దాకా పోకుండానే ఇంకిపోతోంది. తాగకుండా మంచం కింద దాచి పులియబెట్టింది. ఆయన ఆమెను ఎత్తాడు. ఎరువు బస్తాలు మోసిన భుజానికి ఆమె బరువే తెలియలేదు. అంత తేలికగా ఉన్నందుకే ఇంకా కోపం వచ్చింది. కుండీ చస్తే నువ్వు చస్తావే, నీకా మాత్రం తెలీదా అని తిట్టాడు. పడుకోబెట్టి, మజ్జిగ తుడిచి, ఆ పూట కుండీకి రెండు పొట్లాలు కలిపి పోశాడు.

ఆమె దాన్ని చూసింది. ఆయన చేతిని పట్టుకుంది, ఆపడానికో, ఊరికేనో. మర్నాడు పొద్దెక్కేసరికి ఆ చెయ్యి చల్లబడింది.

ఆమెను పొలం గట్టున పూడ్చడానికి కూడా కంపెనీ కాపలావాణ్ణి బతిమాలుకోవలసి వచ్చింది, అతను ఒప్పుకోలేదు. చివరికి ఊరి వంక ఒడ్డున పూడ్చిపెట్టారు. మరుసటి రోజే వ్యాను వచ్చి కుండీని తీసుకుపోయింది.

కౌండిన్య చాలా రోజుల తర్వాత వచ్చాడు. గడ్డం పెరిగి, మనిషి సగమయ్యాడు. పిల్ల బతికిందని, మాట మాత్రం పడిపోయిందని తలొంచుకుని చెప్పాడు. తిప్పేస్వామి ఆయనను ఏదో అనాలని ఎన్నో మాటలు పేర్చిపెట్టుకున్నాడు. మొక్క ఎలా ఉందని మాత్రం అడిగాడు. చూపిస్తానని డాక్టరు షెడ్డుకు తీసుకుపోయాడు. తల్లిమొక్క అద్దం వెనక కుదురుగా నిలబడి ఉంది. కింద మాడిన ఆకులు ఇంకా వేలాడుతున్నాయి. పైన మాత్రం కొత్త చిగుళ్లు, ఈనె ఏదో ఆకు ఏదో తేడా తెలియనంత పచ్చగా వచ్చాయి.

ఏం చేశారని అడిగాడు తిప్పేస్వామి. ఏమీ చెయ్యలేదని, ఇక్కడి నీళ్లే పోశామని డాక్టరు చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆగాడు. గోడ వారగా పెద్ద తొట్టి ఉంది. షెడ్డు బోరు నీళ్లు అందులోకి వచ్చి, అక్కడ చౌడు విరిచే పులుపు కలుపుకుని, అప్పుడు గొట్టాల్లోకి పోతాయి. ఎవరూ చెయ్యి పెట్టనక్కరలేదు, దానంతటదే జరిగిపోతుంది. కౌండిన్య ఆ తొట్టి వైపు చూశాడు. తర్వాత తిప్పేస్వామి వైపు చూశాడు.

"ఇంట్లో మీరు ఏ నీళ్లు పోశారు?"

"బోరు నీళ్లు."

చెప్పాలని నాకు తట్టనే లేదు తిప్పేస్వామిగారూ, ఇక్కడ నీళ్ల గురించి ఎవరం ఆలోచించం అన్నాడు డాక్టరు. ఆ మాట తిప్పేస్వామి చెవిన పడింది. ఆయన మనసు మాత్రం వేరే చోట ఉంది. సంగటి పెడుతూ ఆమె చెప్పిన సాయంత్రం, ఊరుబిండి వాసన, తాను తలాడించిన తీరు. పై ఆకు, లేతాకు. ముందర బువ్వ ఉండాది, నోరు తెరుచుకోదు.

ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. కౌండిన్యకు కూడా చెప్పలేదు. కౌండిన్య కొన్నాళ్లకు ఉద్యోగం మానుకుని పోయాడు. నోటిమాట ఇచ్చినవాడే లేకపోయాక నేల తిరిగి రాసిచ్చేవాళ్లు ఎవరు. కంపెనీ మనుషులు కంచె లోపల ఇల్లు పడగొట్టి, కొత్త షెడ్డుకు పునాది తవ్వారు. కరివేపాకు చెట్టు దానికి అడ్డమొచ్చిందట.

ఇప్పుడు తిప్పేస్వామి రోడ్డు మీదే ఉంటాడు. టీ కొట్టు దగ్గర కౌండిన్యను తిడతాడు, నీళ్ల మాట చెప్పలేదంటాడు. వినేవాళ్లలో ఎవరైనా కాస్త జాలిగలవాడుంటే, ఇంతకూ నీకు పోయిందేమిటి పెద్దాయనా అని అడుగుతాడు. తిప్పేస్వామి గ్లాసు కింద పెడతాడు. నోరు తెరుస్తాడు. ఆమె పేరు పైకి రాదు.

"ఎకరా అరవై రెండు సెంట్లు," అంటాడు.